ఫిజిక్స్ పేజీ, ఇడ్లీ పేజీ

నేను చేసిన ఉద్యోగానికి తెలుగులో పేరు లేదు. ఇంగ్లీషులో ఉన్న పేరు చెప్తే ఇంగ్లీషువాళ్ళకే సరిగా అర్థం కాదు. అందుకని లండన్ శివారు స్టాన్‌మోర్‌లో తెలుగువాళ్ళ భోజనాల దగ్గర ఎవరైనా "మీరేం చేస్తుంటారండీ?" అని అడిగితే "కాలేజీకి వెళ్ళే పిల్లల అప్లికేషన్లు దిద్దుతాను" అనేవాణ్ణి. వెంటనే నా పళ్ళెంలో ఇంకో గారె పడేది. ఇంట్లో పదిహేడేళ్ళ పిల్లలున్నవాళ్ళయితే రెండు పడేవి.

అంతకుముందు విజయవాడలో ఒక దినపత్రిక డెస్కులో చాలా ఏళ్ళు సబ్ఎడిటర్‌గా పనిచేశాను. మా ఆవిడ డాక్టరు. ఆవిడకి ఇక్కడి ప్రభుత్వ ఆస్పత్రిలో ఉద్యోగం వస్తే, తొంభైల చివర్లో సూట్‌కేసులు మోసుకుంటూ వెనకాలే వచ్చాను. తెలుగు వార్తలు దిద్దేవాడికి ఇంగ్లండులో ఏం పనుంటుంది? కొన్నాళ్ళు వంట నేర్చుకున్నాను. తర్వాత వాట్‌ఫర్డ్ దగ్గర ఒక స్కూల్లో, యూనివర్సిటీ అప్లికేషన్లు పంపేముందు తప్పులు చూసే మనిషి కావాలంటే వెళ్ళాను. విజయవాడలో మా డెస్క్ ఇన్‌ఛార్జి ఒకాయన ఉండేవాడు. కొత్తవాళ్ళకి మొదటిరోజే టీ తాగిస్తూ చెప్పేవాడు: "ఉన్నది దాచకు. లేనిది రాయకు. మిగతాదంతా కామాలూ ఫుల్‌స్టాపులే." ఇంటర్వ్యూలో అదే ఇంగ్లీషులో చెప్పాను. ఉద్యోగం ఇచ్చారు. రిటైరైన 2008 దాకా ఆ మాట మీదే బతికాను.

ఈమధ్య ఈ పనిలోకి వస్తున్న మన కుర్రవాళ్ళు ఒకరిద్దరు "ఏం నేర్చుకోవాలండీ?" అని అడిగారు. ఫారం ఎలా నింపాలో ఆఫీసువాళ్ళే నేర్పుతారు. వాళ్ళు నేర్పనిది ఇక్కడ రాస్తున్నాను.

రాని మార్కులకి సీటు

మన అమ్మానాన్నలకి ఇక్కడి పద్ధతిలో అన్నిటికంటే మింగుడుపడనిది ఇది. మన దగ్గర ముందు పరీక్ష, తర్వాత మార్కులు, ఆ తర్వాత సీటు. ఇక్కడ ముందు సీటు, తర్వాత పరీక్ష. ఆఖరి ఏడాది మొదట్లోనే పిల్లవాడు అప్లికేషన్ పంపాలి. అప్పటికి రాయని పరీక్షలో ఎంత వస్తుందో టీచరు ఊహించి రాస్తాడు. దాన్ని బట్టి కాలేజీ "ఇన్ని మార్కులు తెచ్చుకుంటే రా" అని ఉత్తరం పంపుతుంది.

"అంటే జాతకం లాంటిదన్నమాట," అందొకావిడ. నేనూ తలూపాను.

జాతకం అనుకున్నాక శాంతి చేయించాలనిపించడం సహజం. ఆవిడ కూతురికి కెమిస్ట్రీలో 'బి' వస్తుందని మా కెమిస్ట్రీ టీచరు మిస్టర్ పైక్ ఊహించాడు. ఆవిడ ఇండియా నుంచి తెప్పించిన పూతరేకుల డబ్బా పట్టుకొచ్చి ఆయన బల్లమీద పెట్టి, నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి ఆయన ఒక్కొక్క పూతరేకుని జాగ్రత్తగా విప్పి, పైరేకుని చెత్తబుట్టలో వేసి, లోపలి బెల్లంపొడి చెంచాతో తింటున్నాడు.

"చాలా బాగుంది," అన్నాడు. "కాగితమే మరీ పల్చగా ఉంది, తీయడం కష్టం."

చెత్తబుట్ట వైపు చూసి నా ప్రాణం ఉసూరుమంది. 'బి' మాత్రం 'బి' గానే ఉంది. కొత్తవాళ్ళు గుర్తుంచుకోవలసింది ఏమిటంటే, టీచరు ఊహ మారేది పిల్లవాడి పని మారితేనే. మిఠాయి తెచ్చినవాళ్ళని కసురుకోకండి, తినండి. తీరు తెలియకపోతే అడిగి తినండి.

మిసెస్ విట్‌లాక్

మా పైతరగతుల హెడ్ మిసెస్ విట్‌లాక్. యార్క్‌షైర్ మనిషి. నవ్వడం తక్కువ, వినడం ఎక్కువ. ప్రతి అప్లికేషన్‌లోనూ స్కూలు తరఫున ఒక పేజీ ఉంటుంది. పిల్లవాడెలాంటివాడు, ఏం చదివాడు, ఏం చేశాడు అని. దానిమీద సంతకం ఆవిడదే.

నేను చేరిన కొత్తలో తెలుగుపిల్లలు స్కూల్లో కూడా నన్ను అలవాటుగా "అంకుల్" అనేవారు. కొన్నాళ్ళు చూసి ఆవిడ నన్ను గదిలోకి పిలిచింది.

"మిస్టర్ రావ్, మీకు ఎంతమంది మేనల్లుళ్ళు?"

"ఒక్కడు. హైదరాబాదులో ఉన్నాడు."

"మరి ఈ స్కూల్లో?"

మా భాషలో పెద్దవాళ్ళందరూ అంకుల్సే అని వివరించాను. ఆవిడ విని, "క్రిస్మస్ బహుమతులకి ఖర్చు ఎక్కువే అయ్యుంటుంది," అంది.

ఆవిడ దగ్గర నేను నేర్చుకున్నది పొగడ్త తగ్గించడం. నేను పత్రికలో పనిచేసినవాణ్ణి. సంతాపవార్త రాయమంటే చనిపోయినవాణ్ణి స్వర్గం గుమ్మందాకా దింపి రాగలను. మొదట్లో పిల్లల గురించి అలాగే రాశాను. ఆవిడ నా పేజీ చదివి, "ఈ అమ్మాయి బతికే ఉంది కదా?" అని అడిగింది. తర్వాత ఒక్కొక్క విశేషణమే కొట్టేసి, "ఇప్పుడు ఈ అమ్మాయి చేసిన పని ఒకటి చెప్పండి," అంది. నా దగ్గర ఏమీ లేదు. వెళ్ళి కనుక్కొచ్చాను. అప్పటినుంచి ప్రతి పిల్లవాడి గురించీ, చేసిన పని ఒకటి చూసొచ్చాకే కలం పట్టేవాణ్ణి. ఆ అలవాటే ఒక కుర్రవాడికి పనికొచ్చింది.

టెక్నాలజీ అనే మాట

ఆ కుర్రవాడి పేరు తేజ. పుట్టింది ఇక్కడే. తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు ఇంగ్లీషులో వస్తుంది. ఆదివారాలు ఒక వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి టీలు అందించి, వాళ్ళ కబుర్లు విని వచ్చేవాడు. అక్కడే వాడికి డాక్టరు కావాలని బుద్ధిపుట్టింది. తల్లిదండ్రులు నూరిపోసిన కోరిక కాదది. వాడి సొంతం.

తండ్రి ప్రసాద్ది తెనాలి వైపు. వాట్‌ఫర్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మంచివాడు, హడావుడి మనిషి.

ఇక్కడ ఏ లెవెల్ అంటే మన ఇంటర్మీడియట్ అనుకోండి. అప్పటికి కొత్త పద్ధతి వచ్చి రెండు మూడేళ్ళయింది. మొదటి ఏడు నాలుగు సబ్జెక్టులు చదివి పరీక్ష రాస్తారు, దాన్ని ఏఎస్ అంటారు. రెండో ఏడు ఒకటి వదిలేసి మూడిటితో ముందుకి పోతారు. వదిలేసిన సబ్జెక్టు మార్కు కూడా అప్లికేషన్‌లో రాయాలి. తేజ మొదటి ఏడు చదివినవి బయాలజీ, కెమిస్ట్రీ, మాథ్స్. నాలుగోది ఫుడ్ టెక్నాలజీ.

మన ఇంటి కుర్రవాడు వంటగదిలో చదువుకునే సబ్జెక్టు తీసుకుంటే తండ్రి ఎలా ఒప్పుకున్నాడని నాకూ అనుమానం వచ్చింది. ప్రసాదే చెప్పాడు.

"పేపర్లో టెక్నాలజీ అని ఉందండీ. ఆఫీసు హడావుడిలో ఉండి సంతకం పెట్టేశా. సూపర్ మార్కెట్లకి సాఫ్ట్‌వేర్ రాస్తారేమో అనుకున్నా. డిసెంబర్లో ఏప్రాన్ కొనమన్నాడు. అప్పుడు తెలిసింది."

అప్పటికి ఆలస్యమైంది. ఆలస్యం మాత్రమే అయితే ఫరవాలేదు. ప్రసాద్ అప్పటికే దీపావళి భోజనాల్లో, పుట్టినరోజు పార్టీల్లో "మావాడి నాలుగో సబ్జెక్టు ఫిజిక్సండీ" అని చెప్పేసి ఉన్నాడు. ఎవరో ఒకరు అడగడం, ఆయన ఫిజిక్స్ అనడం అలవాటైపోయింది. ఏడాదిపాటు చెప్పిన మాట మనిషికి నిజంలా ఉంటుంది.

ఏఎస్ ఫలితాలొచ్చాయి. తేజకి ఫుడ్ టెక్నాలజీలో 'ఏ' వచ్చింది. మంచి మార్కు వచ్చినందుకు దిగులుపడిన తండ్రిని నేను నా సర్వీసులో ఆయన్నొక్కణ్ణే చూశాను.

రెండు పేజీలు

మెడిసిన్ అప్లికేషన్లకి గడువు అందరికంటే ముందు, అక్టోబరులో. అప్పటికింకా కాగితం ఫారాలే. పిల్లవాడు తన పేజీలు నల్ల సిరాతో నింపి, చివర సంతకం పెట్టి ఇస్తే, స్కూలు తన పేజీ జతచేసి పోస్టు చేస్తుంది. గడువింక ఎల్లుండి అనగా తేజ ఫారం నా బల్లమీదికి వచ్చింది. సంతకం చోటు ఖాళీగా ఉంది. చేతిరాత వాడిది కాదు.

డెస్కులో మాకు మొదట నేర్పేది హెడ్డింగుకీ వార్తకీ పొంతన చూడడం. ఈ ఫారంలో అసలు వార్తే మారిపోయింది. ఫుడ్ టెక్నాలజీ లేదు. దాని స్థానంలో 'ఫిజిక్స్, స్వయంగా అధ్యయనం, పురోగతిలో ఉంది' అని ఉంది. కెమిస్ట్రీ పక్కన 'ప్రయోగశాలలో విస్తృత అనుభవం, బృందంతో కలిసి పనిచేయగలడు' అని ఉంది. పరీక్షల పేర్లు రాసే గడిలో అది ఎలా ఇరికించాడో ఇప్పటికీ తెలియదు.

తండ్రీ కొడుకులని పిలిపించాను. ప్రసాద్ ఆఫీసు నుంచే, మెడలో ఐడీ కార్డుతో వచ్చాడు. తేజ నేలచూపులు చూస్తూ కూర్చున్నాడు.

"ఇది ఎవరు రాశారండీ?" అన్నాను.

"నేనే, గురువుగారూ. సుధాకర్ బావ కూడా ఓ చెయ్యేశాడు. మా ఆఫీసే." బావ అంటే చుట్టమేమీ కాదు, స్నేహితుడే. "మేం ప్రాజెక్టుని బట్టి సీవీ మార్చుకుంటాం. క్లయింటుకి ఏం కావాలో అది పైన పెడతాం. అక్కర్లేంది తీసేస్తాం. ఇదీ అంతేగా?"

"మరి ఆ క్లయింటు మీ పాత మేనేజరుకి ఫోన్ చేసి అడిగితే?"

"పాత మేనేజరు కూడా మనవాడేనండీ."

నేను స్కూలు పేజీ తీసి ఆయన ముందు పెట్టాను. తేజ చేసిన పని ఒకటి కావాలి కాబట్టి దాని గురించే రాసి ఉంచాను. ఫుడ్ టెక్నాలజీ కోర్స్‌వర్కులో వాడు తీసుకున్న అంశం ఇడ్లీ పిండి. ఇంగ్లండు చలిలో పిండి పులవదని మన ఆడవాళ్ళందరికీ తెలుసు. కొందరు రాత్రంతా ఓవెన్‌లో లైటేసి పెడతారు, కొందరు దుప్పటి కప్పుతారు. తేజ వాళ్ళ అమ్మ వేడినీళ్ళ ట్యాంకు ఉండే అలమరలో, ఇక్కడ ఎయిరింగ్ కప్‌బోర్డ్ అంటారే, అందులో ఆరిన తువ్వాళ్ళ మధ్య పెట్టేది. తేజ ఒకే పిండిని అక్కడా, వంటింట్లోనూ, గరాజులోనూ పెట్టి, ఎక్కడ ఎంత వెచ్చగా ఉంది, ఎంత పొంగింది, ఎంత పులిసింది కొలిచాడు. ఆఖర్న టీచర్లందరికీ ఇడ్లీ పెట్టాడు. ఆ రోజు నేనూ తిన్నాను. మా ఆవిడతో చెప్పలేదు కానీ, మా ఇంటివాటికంటే మెత్తగా ఉన్నాయి.

ప్రసాద్ చదివాడు. ఆయన మొహం పాలిపోయింది.

"ఇడ్లీ అని రాశారేంటండీ!"

"ఇడ్లీయే కదండీ చేసింది."

"మెడిసిన్ వాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? హోటల్ పెట్టుకోమంటారు."

"రెండు పేజీలూ ఒకే కవర్లో వెళ్తాయి ప్రసాద్ గారూ. మీ పేజీలో ఫిజిక్స్ ఉంది. మా పేజీలో ఇడ్లీ ఉంది."

ప్రసాద్ స్కూలు పేజీని నావైపు జరిపాడు. "అయితే మీ పేజీ మార్చండి."

ఇంతలో మిసెస్ విట్‌లాక్ వచ్చింది. సంగతేమిటో చెప్పాను. ఆవిడ ప్రసాద్ వైపు తిరిగి, కేక పెట్టకుండా, ఒక్కో మాటా విడివిడిగా చెప్పింది. "పరీక్ష రాశాడు, ఫలితం వచ్చింది. రాయనిది ఉన్నట్టు, రాసింది లేనట్టు చెప్పే ఫారానికి నేను సంతకం పెట్టను. సీటిచ్చాక బయటపడితే సీటు తీసేస్తారు. అప్పుడు మీ అబ్బాయికి ఏ దారీ ఉండదు." వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "అన్నట్టు, ఆ తెల్లటి ఆవిరి కేకులు చాలా బాగున్నాయి," అంది.

ప్రసాద్ కొడుకు వైపు చూశాడు. అప్పటిదాకా ఆయన చూడనే లేదు. "నువ్వు చెప్పరా. నీకు సీటు రావాలా వద్దా?"

తేజ ఫారంలో ఖాళీగా ఉన్న సంతకం చోటు వైపు చూశాడు. వాడికి ఆ సీటు ఎంత కావాలో నాకు తెలుసు. తండ్రి చెప్పినట్టు చేస్తే వస్తుందేమో అని వాడికీ ఒక మూల ఆశ ఉండి ఉంటుంది. లేకపోతే సంతకం చోటు ఖాళీగా పెట్టి ఫారాన్ని నాదాకా రానిచ్చేవాడు కాదు, ఇంట్లోనే చింపేసేవాడు. పెట్టనూ లేక, మాననూ లేక నాకు వదిలేశాడు.

"డాడ్," అన్నాడు చివరికి ఇంగ్లీషులో. "ఫిజిక్స్ గురించి అడిగితే నేనేం చెప్పను? ఇడ్లీ గురించి అడిగితే రోజంతా చెప్పగలను." తర్వాత తెలుగులో, వాడికి వచ్చినంతలో, "నేను సైన్ చెయ్యను," అన్నాడు.

కొడుకు నోట తెలుగు విని ప్రసాద్ కాస్త మెత్తబడ్డాడనుకుంటాను. ఐడీ కార్డు తాడు వేళ్ళకి చుట్టుకుంటూ, "ఇప్పుడు సుధాకర్ బావకి ఏం చెప్పాల్రా నేను?" అన్నాడు. నేను కొత్త ఫారం తీసి తేజ ముందు పెట్టాను. నల్ల పెన్ను కూడా ఇచ్చాను.

పిండి ఎందుకు పొంగింది

పంపింది నాలుగు మెడికల్ స్కూళ్ళకి. క్రిస్మస్ లోపల రెండు కాదన్నాయి. కొత్త ఏడు రాగానే మూడోది కూడా కాదంది. ప్రతి ఉత్తరానికీ ప్రసాద్ నాకు ఫోన్ చేసేవాడు. "ఇడ్లీ అండీ," అనేవాడు. అంతే. పెట్టేసేవాడు. నేను పైకి గంభీరంగానే ఉన్నాను కానీ, మూడో ఫోన్ తర్వాత మా ఇంట్లో ఇడ్లీ చేస్తే నాకు సహించలేదు.

నాలుగోది ఉత్తరాదిన, లీడ్స్ దాటి వెళ్ళాలి. అక్కణ్ణుంచి ఇంటర్వ్యూకి రమ్మన్నారు. ప్రసాద్ సెలవు పెట్టి కారులో తీసుకెళ్ళాడు. దారి పొడుగునా ఫిజిక్స్ ప్రశ్నలు అడిగాడట, ఎందుకైనా మంచిదని.

మర్నాడు తేజ నా గదికి వచ్చాడు. ముగ్గురు డాక్టర్లు కూర్చున్నారట. మధ్యలో ఉన్న పెద్దావిడ ఫారం చూసి, "గరాజులో పెట్టిన పిండి ఏమైంది?" అని మొదలుపెట్టింది.

"ఏం చెప్పావు?"

"చచ్చిపోయిందన్నాను, సర్. వాళ్ళు నవ్వారు. తర్వాత అసలు చచ్చిపోలేదు, నిద్రపోయిందన్నాను. లోపలి సూక్ష్మజీవులు చలికి పని మానేస్తాయి, వెచ్చదనం ఇస్తే మళ్ళీ లేస్తాయి అని. అలా లేపి చూశావా అని అడిగారు. చూశాను కాబట్టి చెప్పాను. తర్వాత, షుగరున్న ముసలాయన రోజూ ఇదే తింటానంటే ఏం చెప్తావన్నారు. వృద్ధాశ్రమంలో అలాంటాయన ఉన్నాడు, ఆయన కేకు తింటాడు. ఆయనతో ముందు ఏం మాట్లాడతానో చెప్పాను."

"బాగా జరిగినట్టే ఉందే."

"తెలీదు, అంకుల్," అన్నాడు. స్కూల్లో సర్ అనాలన్న సంగతి మర్చిపోయాడు.

ఉత్తరం వచ్చిన రోజు ప్రసాద్ ఫోన్ చెయ్యలేదు, మనిషే వచ్చాడు. ఈసారి ఐడీ కార్డు తీసి జేబులో పెట్టుకుని వచ్చాడు. ఉత్తరం నా చేతికిచ్చి, "చదవండి గురువుగారూ, నాకు సరిగ్గా బుర్రకెక్కట్లేదు," అన్నాడు.

సీటిస్తామన్నారు. మూడు ఏ లెవెల్స్‌లో ఇంతింత రావాలన్నారు. దానికింద ఇంకొక షరతు. వదిలేసిన నాలుగో ఏఎస్‌లో 'బి' అయినా వచ్చి ఉండాలి.

"నాలుగోది అంటే ఏదండీ?" అన్నాడు ప్రసాద్. ఆయనకి తెలుసు. అయినా నా నోటితో చెప్పించాలని.

"ఫుడ్ టెక్నాలజీ. 'ఏ' వచ్చిందిగా. ఆ షరతు అప్పుడే తీరిపోయింది."

ప్రసాద్ కుర్చీలో వెనక్కి వాలాడు. తన చేత్తో ఏం కొట్టేయబోయాడో లెక్క వేసుకుంటున్నాడని మొహం చూస్తే తెలుస్తోంది. కాసేపటికి, "మీ హెడ్డావిడకి ఇడ్లీలు పంపుతా," అన్నాడు. "కాగితం ఉండదు కాబట్టి ఇబ్బంది లేదు." పూతరేకుల కథ అప్పటికే స్టాన్‌మోరంతా పాకింది.

ఆగస్టులో మిగతా మార్కులూ వచ్చాయి. తేజ వెళ్ళాడు.

మిగతా సగం

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకి నేను చెప్పగలిగింది చాలా తక్కువ. అమ్మానాన్నలు అబద్ధాలకోరులు కారు, భయస్థులు. తెలియని ఊళ్ళో తమకి తెలిసిన దారే వెతుక్కుంటారు. మీరు నీతి చెప్పొద్దు. రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూపించండి. చివరిమాట మాత్రం సంతకం పెట్టవలసినవాడికే వదలండి. నేను రిటైరయ్యేనాటికి ఫారాలన్నీ కంప్యూటర్లోకి వెళ్ళిపోయాయి. ఎవరి చేతిరాతో ఇప్పుడు తెలియదు కాబట్టి మీ పని నా పనికంటే కష్టం.

తేజ కాలేజీకి వెళ్ళిన సెప్టెంబరులో మా ఫుడ్ టెక్నాలజీ టీచరమ్మ ఆశ్చర్యపోయి నా దగ్గరికి వచ్చింది. క్లాసునిండా మెడిసిన్‌కి వెళ్ళే తెలుగుపిల్లలేనట. అందులో ఒక అబ్బాయి మొదటిరోజే, సీటు గ్యారంటీయేనా అని అడిగాడట.

ఆ నెలలోనే ఒక సాయంత్రం ప్రసాద్ ఇంకొకాయన్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. సుధాకర్. బావ. కూతురు ఆఖరి ఏడు. మా ఆవిడ టీ ఇచ్చింది. కబుర్లయ్యాక సుధాకర్ గొంతు సవరించుకున్నాడు.

"మా పాప మొదటి ఏడు ఫుడ్ టెక్నాలజీ తీసుకోలేదండీ. ఫిజిక్స్ తీసుకుంది. ఇప్పుడు ఫారంలో ఆ ఫుడ్డు కూడా ఓ పక్కన రాసేస్తే..."

"చదవలేదు కదండీ," అన్నాను.

"చదవలేదనుకోండి. ఇంట్లో ఇడ్లీలు మాత్రం వేస్తది."

నేను నోరు తెరిచేలోపే ప్రసాద్ కప్పు కింద పెట్టాడు. "తప్పు బావా. అట్టా రాయకూడదు. ఉన్నది దాచకూడదు, లేనిది రాయకూడదు." విజయవాడ డెస్కులో టీ తాగుతూ విన్న మాట ఆయనతో నేనెప్పుడో అని ఉంటాను, కానీ అది మా ఇంట్లో టీ తాగుతూ, అదీ ఆయన నోట వింటానని అనుకోలేదు. "రేపు ఇంటర్వ్యూలో పిండి ఎందుకు పొంగుద్దని అడుగుతారు. అప్పుడు ఏం చెప్పుద్ది?"

సుధాకర్ కుర్చీ ముందుకి జరిపాడు. నిజంగానే తెలుసుకుందామని అడిగాడు.

"ఎందుకు పొంగుద్ది బావా?"

ప్రసాద్ నావైపు చూశాడు. నేను టీలోకి చూసుకున్నాను. ఆయన జేబులోంచి ఫోన్ తీశాడు.

"ఉండు," అన్నాడు. "తేజని అడుగుదాం."